జాలరి చారు, మా ఇంటి కారం

హంగేరీలో రెండేళ్ళు చదువుకుని వచ్చానంటే మా చుట్టాలు మొదట అడిగేది ఉద్యోగం సంగతి, రెండోది తిండి సంగతి. ఈ రెండో ప్రశ్నలో జవాబు కూడా కలిపే ఉంటుంది: “అంతా చప్పిడి కూడేనా, పాపం?” అడిగేవాళ్ళ మొహంలో జాలి ఎంతుంటుందో గర్వమూ అంతే ఉంటుంది. కారం తినడం తెలిసినవాళ్ళం మనమేనట, మన పొలిమేర దాటితే లోకమంతా ఉడకబెట్టిన ఆలుగడ్డేనట.

చాన్నాళ్ళు తలూపి ఊరుకున్నాను. పెళ్ళిభోజనాల దగ్గర కూర్చుని మిరపకాయ మీద వాదన పెట్టుకుంటే ఏం బాగుంటుంది? ఇక్కడైతే రాసుకోవచ్చు కాబట్టి చెబుతున్నాను. అక్కడ నేనొక ఎర్రటి చేపల చారుకు మనసిచ్చి వచ్చాను. మనం కారం తినే తీరు మీద నాకు అనుమానం పుట్టింది కూడా ఆ చారు వల్లే.

ఆ ఊరి పేరు సెగెద్. హంగేరీకి దక్షిణాన, సెర్బియా సరిహద్దుకు దగ్గర్లో, తిస నది ఒడ్డున ఉంటుంది. వెళ్ళిన కొత్తలోనే దానికీ హైదరాబాదుకూ ఒక పోలిక కనబడింది: రెండూ ఏటి కోపం చూసిన ఊళ్ళు. 1879 మార్చిలో తిస పొంగి సెగెద్‌ను దాదాపు తుడిచిపెట్టేసింది. వేల ఇళ్ళున్న ఊళ్ళో నిలబడ్డవి మూడు వందల లోపే. ఊరిని కొత్తగా కట్టుకున్నాక చుట్టూ వేసిన రింగు రోడ్డులో ఒక్కో ముక్కకు సాయం చేసిన నగరాల పేర్లు పెట్టారు. వియన్నా, పారిస్, లండన్, రోమ్, ఇలా. మన మూసీ 1908 సెప్టెంబరులో పొంగినప్పుడు అఫ్జల్‌గంజ్‌లో ఒక చింతచెట్టు ఎక్కి నూటయాభై మంది దాకా ప్రాణాలు దక్కించుకున్నారని చెప్పుకుంటాం. ఆ చెట్టు ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఉంది. చింతచెట్టు ఊసు ఊరికే ఎత్తలేదు, దాని పండుతో ముందు ముందు పని ఉంది.

నా సూట్‌కేసులో ఆ ఏడాది పుస్తకాలకన్నా కారం బరువెక్కువ. అమ్మ కిలోన్నర కారప్పొడిని మూడు కవర్లలో కట్టి, వాటిని ఇంకో కవర్లో చుట్టి, ఆ మూటను నా స్వెటర్‌లో దూర్చింది. చలికాలమంతా ఆ స్వెటర్ వేసుకున్నప్పుడల్లా తుమ్ములే. హాస్టల్లో మేం నలుగురం తెలుగువాళ్ళం. వండింది ఏదైనా సరే, మాడిపోయినా, ఉడక్కపోయినా, పైన కారం చల్లితే భోజనం అయిపోయేది. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి.

ఆ చారు మొదటిసారి తిన్నది అక్టోబరులో, నది ఒడ్డున ఒక పాత హోటల్లో. పేరు హలాస్లే. హలాస్ అంటే చేపలు పట్టేవాడు, లే అంటే రసం. జాలరి చారు అన్నమాట. చిన్న ఇనప కొక్కేనికి వేలాడదీసిన బుల్లి కడవలాంటి గిన్నెలో తెచ్చి బల్ల మీద పెట్టారు. పక్కన తెల్ల రొట్టె ముక్కలు, ఒక సాసర్లో సన్నగా తరిగిన పచ్చిమిరప. చారు రంగు చూసి నా లోపలి తెలంగాణ పొంగిపోయింది. అంత ఎరుపు మా నానమ్మ పెట్టే పండుమిర్చి తొక్కులో తప్ప ఎక్కడా చూడలేదు. నాలుక మండుతుందని గట్టిగా సిద్ధపడి ఒక చెంచా నోట్లో పెట్టుకున్నాను.

మండలేదు.

ముందు ఒక తీపి తగిలింది. బెల్లం తీపి కాదు, ఉల్లిగడ్డ గంటల తరబడి ఉడికి కరిగిపోతే వచ్చే తీపి. ఆ వెనక చేప. ఆ తర్వాత, మింగాక, గొంతు దగ్గర ఎండలో ఆరబోసిన మిరపకాయల కల్లం వాసన. అవును, వాసనే. మా ఊరి కల్లంలో ఫిబ్రవరి మధ్యాహ్నం ముక్కుకు తగిలే అదే వాసన నోట్లోంచి పైకొచ్చింది. ఇన్నేళ్ళు కారం తిన్నాను, ఆ వాసన అన్నంలో ఎప్పుడూ తగల్లేదు. మంట కావాలంటే సాసర్లోని పచ్చిమిరప వేసుకోవాలి. నేను నాలుగు ముక్కలు వేసుకున్నాను, కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పక్కనున్న క్లాస్‌మేట్ రెండు వేసుకుంది. ఎదురుగా ఉన్నాయన ఒక్కటీ వేసుకోలేదు. ఒకే గిన్నెలో చారు ముగ్గురం మూడు రకాలుగా తిన్నాం.

ఈ కథ చెప్పగానే హైదరాబాదులో ప్రతివాళ్ళూ ఒకే తీర్పిస్తారు: “అది చారు మీద ప్రేమ కాదే, ఇంటి మీద బెంగ. మన చేపల పులుసు గుర్తొచ్చింది నీకు.” వినడానికి బాగానే ఉంటుంది గాని, తప్పు. మన పులుసులో ఉన్నవి అందులో ఏమున్నాయి? చింతపండు లేదు. అల్లం వెల్లుల్లి లేదు. మెంతిపొడి లేదు, ధనియాలు లేవు, కొత్తిమీర లేదు, కరివేపాకు అసలే లేదు. చేపలు, ఉల్లిగడ్డ, మిరపపొడి, ఉప్పు, నీళ్ళు. కొందరు ఒక టమాటా వేస్తారు, అంతే. బెంగ తీర్చుకోవాలంటే నా గదిలో ఆవకాయ జాడీ ఉండనే ఉంది. నాకు నచ్చింది తెలిసిన రుచి దొరికినందుకు కాదు. చిన్నప్పటి నుంచి తింటున్న సరుకులో నాకు తెలియని సగం ఒకటుందని బయటపడినందుకు.

నిజంగా పోలిక ఉన్నది ఒక్కచోటే. అది వండేటప్పుడు కనబడింది.

మార్చి చివర్లో ఆ క్లాస్‌మేట్ వాళ్ళ పల్లెకు పిలిచింది. వాళ్ళ తాతగారు పెరట్లో మూడు కాళ్ళ ఇనప కట్టుకు బొగ్రాచ్ వేలాడదీసి చారు కాస్తారు. బొగ్రాచ్ అంటే మన కాగులాంటి గుండ్రటి పాత్ర, పైన తీగ పిడి. ఆయన్ని అందరూ ‘బాచీ’ అంటారు. మన దగ్గర అది చంటిపిల్లాడి ముద్దుపేరులా ఉంటుంది, అక్కడ పెద్దవాళ్ళను పిలిచే మర్యాద మాట. ఎనభై ఏళ్ళ మనిషిని బాచీ, బాచీ అని పిలవడానికి నాకు నవ్వాగేది కాదు.

బాచీ ముందుగా చిన్నాచితకా చేపలు, పెద్ద చేపల తలలు, తోకలు, ముళ్ళు అన్నీ వేసి, కిలో చేపకు పావుకిలో పైన ఉల్లిగడ్డ తరిగి పోసి, నీళ్ళు పోసి వదిలేశారు. గంటన్నర. చేపా ఉల్లీ విడదీయరానంతగా చితికిపోయాక దాన్నంతా జల్లెడలో పోసి రుద్దారు. ముళ్ళు పైన మిగిలాయి, గుజ్జు కిందికి దిగింది. సెగెద్ పద్ధతి ఇదే. పశ్చిమాన డాన్యూబ్ నది దగ్గర బాయా అనే ఊళ్ళో జల్లెడ పట్టరు, చారులో సన్నటి సేమ్యాలాంటివి కలుపుకుని తింటారు. ఈ రెండూళ్ళ మధ్య ఈ విషయంలో మాటలుండవు. మన దగ్గర కచ్చీ బిర్యానీ వాళ్ళూ పక్కీ బిర్యానీ వాళ్ళూ కూడా అంత కొట్టుకోరనుకుంటా.

గుజ్జు మళ్ళీ మరిగాక మిరపపొడి పడింది. చెంచాలు కాదు, గుప్పెళ్ళు. చేప కొవ్వు పైకి తేలి ఆ ఎరుపునంతా పట్టుకుంది. మిరప రంగు నీళ్ళలో కరగదు, కొవ్వులో కరుగుతుంది. అందుకే ఆ చారు మీద ఎర్రటి చుక్కలు మెరుస్తుంటాయి. ఆ తర్వాత ఉప్పు పట్టించిన పెద్ద ముక్కలు జారవిడిచారు. నేను అలవాటుగా గరిటె అందుకోబోతే ఆయన నా చెయ్యి పట్టుకుని ఆపారు. కాగు పిడిని రెండు చేతులతో పట్టుకుని మెల్లగా ఇటు సగం, అటు సగం తిప్పారు. ముక్క చెదరకూడదు కదా.

అమ్మ అచ్చం అలాగే చేస్తుంది. పులుసు ఉడుకుతుంటే గరిటె పెట్టనివ్వదు, గుడ్డతో గిన్నె అంచులు పట్టుకుని తిప్పుతుంది. ఆరు వేల కిలోమీటర్లు ఉందో ఏమో ఆ పెరటికీ మా వంటింటికీ. బెంగ పడ్డాను అనుకోవాలంటే ఆ రెండు నిమిషాలు అనుకోండి, ఒప్పుకుంటాను.

ఆ తర్వాత నేను చేసిన పని చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది. బహుమతిగా ఇద్దామని అమ్మ పంపిన కారం ఒక చిన్న సీసాలో పట్టుకెళ్ళాను. మా వాళ్ళ ఘనత చూపించాలని, వడ్డించగానే నా పళ్ళెంలో ఒక చెంచా, ఆయన అడిగారని ఆయన పళ్ళెంలో అర చెంచా వేశాను. బాచీ రుచి చూశారు. దగ్గలేదు, నీళ్ళు అడగలేదు. రొట్టె ముక్కతో పెదాలు తుడుచుకుని, “ఎరోష్” అన్నారు. అంటే గట్టిదే అని. అందరం నవ్వాం. కాసేపాగి ఇంకో చెంచా తిని, మనవరాలి వైపు తిరిగి అడిగారు: “హోల్ ఆ హల్?”

చేప ఎక్కడ?

వెటకారం కాదు. నిజంగా వెతుక్కుంటున్నట్టే అడిగారు. నేను నా పళ్ళెంలో చూసుకున్నాను. గంటన్నర ఉడికిన ఉల్లి లేదు, తలల గుజ్జు లేదు, కల్లం వాసన లేదు. మంట ఉంది. హాస్టల్లో మాడిపోయిన కూరకు ఏ రుచి ఉండేదో, ఆ చారుకూ ఇప్పుడు అదే రుచి.

అప్పటి నుంచి నన్ను పట్టుకున్న ఆలోచన ఇదీ. తెలుగులో ‘కారం’ అన్నది పొడి పేరు, రుచి పేరు, మంట పేరు కూడా. మూడింటికీ ఒకటే మాట. “కూరలో మిరపపొడి ఇంకాస్త పడాలి గాని మంట పెరగొద్దు” అన్న ముక్కను కారం అనే మాటతో చెప్పి చూడండి, కుదరదు. “కారం వెయ్యి గాని కారం వద్దు” అవుతుంది. హంగేరియన్లకు పొడి పాప్రికా, మంట వేరే మాట. అంగట్లో డబ్బాల మీద తేడా రాసే ఉంటుంది: చెమెగె అంటే కమ్మనిది, ఎరోష్ అంటే మండేది. మంట కోసమని విడిగా ఎర్రటి ముద్ద సీసాలో అమ్ముతారు, దాని పేరు ఎరోష్ పిష్టా. పిష్టా అంటే వాళ్ళ మనుషుల ముద్దుపేరు, మన దగ్గర ‘గట్టి మల్లిగాడు’ అన్నట్టు. మంటకొక మల్లిగాణ్ణి కేటాయించి పక్కన కూర్చోబెట్టారు, కావలసినవాళ్ళు పిలుచుకుంటారు.

అసలు మిరపకాయ ఇద్దరికీ సొంతం కాదు. అమెరికా ఖండాల నుంచి 1492 తర్వాత ఓడలెక్కి వచ్చింది. మన దగ్గరికి పోర్చుగీసువాళ్ళతో, వాళ్ళ దగ్గరికి తురుష్కులతో. 16వ శతాబ్దంలో లియొన్‌హార్ట్ ఫుక్స్ అనే జర్మన్ పండితుడు దీన్ని కాలికట్ మిరియం అని రాసుకున్నాడు, మన దేశపు పంటే అనుకుని. మిరియం అన్న పేరునే సాగదీసి మనం మిరప అన్నాం. వాళ్ళ పాప్రికా కూడా స్లావుల భాషలో మిరియానికి ఉన్న పేరులోంచి పుట్టిందే. కొత్త కాయను చూసి రెండు జాతులూ ఒకే పాత గింజను తలుచుకున్నాయి. ఆ పైన దారులు వేరయ్యాయి. సెగెద్‌లో 1859లో పాల్ఫీ సోదరులు కాయలోంచి గింజలనూ తెల్ల ఈనెలనూ తీసే యంత్రం చేశారు. మంటంతా కాయ లోపలి ఆ తెల్ల ఈనెల్లోనే ఉంటుంది, చాలామంది అనుకున్నట్టు గింజల్లో కాదు. ఈనె తీసేస్తే తోలు మిగులుతుంది. రంగు, తీపి, వాసన అన్నీ తోలువే.

ఇంకొకటి. 1930ల మొదట్లో సెగెద్ విశ్వవిద్యాలయంలో ఆల్బర్ట్ సెంట్-గ్యోర్గీ అనే ఆచార్యుడికి ఒకరోజు రాత్రి భోజనంలో మిరపకాయలు పెట్టారట భార్య. తినబుద్ధి కాక, కాదనలేక, పరీక్షించి చూస్తానని ప్రయోగశాలకు పట్టుకుపోయాడు. అర్ధరాత్రికి తేలింది, ఆ కాయ నిండా విటమిన్ సి ఉందని. అంతకుముందు ఆ పదార్థం ఏమిటో అంతుపట్టనప్పుడు ‘దేవుడికే ఎరుక’ అని అర్థమొచ్చే పేరు పెట్టబోతే పత్రిక సంపాదకుడు ఒప్పుకోలేదట. 1937లో ఆయనకు నోబెల్ వచ్చింది. 2021లో డేవిడ్ జూలియస్‌కు వచ్చిన నోబెల్ వెనకా మిరపకాయే ఉంది. మిరపకు మంటనిచ్చే కాప్సైసిన్ అనే పదార్థం మన నరాల్లో తట్టేది వేడిని, నొప్పిని పసిగట్టే గ్రాహకాన్నని ఆయన బృందం చూపించింది. అంటే మంట నాలుక చెప్పే రుచి కాదు, ఒళ్ళు చెప్పే నొప్పి. ఒకే కాయకు రెండు బహుమతులు, ఒకటి తోలు వైపు, ఒకటి ఈనె వైపు. మన ఓటెప్పుడూ ఈనెకే.

ఇంత మాట అంటే అమ్మ ఊరుకోదు. ఊరుకోలేదు కూడా. “చారు ఉత్తగ తాగేటోళ్ళ ముచ్చట వేరు. మనం కంచం నిండ అన్నంల కలుపుకుంటం. అంత అన్నానికి ఆ సప్పటి నీళ్ళు ఏం ఆనుతయ్?” అంది. దీనికి నా దగ్గర జవాబు లేదు. ఇంకా పెద్ద మాట ఆమె అనలేదు, నేనే అంటాను: మా నానమ్మ చిన్నప్పుడు కూర వండుకునే రోజులు తక్కువ, గొడ్డుకారం రోజులు ఎక్కువ. ఉప్పూ కారమూ నూరుకుని, నూనె చుక్క ఉంటే వేసుకుని, అన్నమో గటకో దించుకునేవాళ్ళు. కప్పిపెట్టడానికి అక్కడ ఇంకో రుచే లేదు. ఆ మంటను తప్పుబట్టే నోరు నాకు లేదు.

నా తగాదా ఆ కంచంతో కాదు. పావుకిలో మాంసానికి వందలు పోసే ఈ రోజుల్లో, కొరమీను కిలో ధర అడగడానికే భయమేసే ఊళ్ళో, ఆ చేప మీద గొడ్డుకారం రోజుల చెయ్యే పడుతోంది. హోటల్లో నాటుకోడి పులుసు ముందు కూర్చున్న కుర్రాళ్ళు ఒకళ్ళ మొహం ఒకళ్ళు ఫోనుతో తీసుకుంటున్నారు, ఎవరికి ముందు చెమట పడుతుందా అని. కోడి ఏ ఊరిదో, ఎన్నాళ్ళు పెరిగిందో ఎవడిక్కావాలి? ఇదే నగరంలో పెళ్ళిళ్ళలో మరగ్ పోస్తారు, తెల్లటి మటన్ చారు, మిరియాలూ పచ్చిమిర్చీ సన్నగా తగులుతాయి, ఎముక రసం నోరంతా పరుచుకుంటుంది. అది తాగి ఆహా అన్న నోరే, ఇంటికొచ్చి పులుసు ఎర్రగా లేదని అలుగుతుంది.

పైగా తోలు మిరపకాయ మనకు లేక కాదు. వరంగల్ వైపు చపాటా పండుతుంది. పొట్టిగా, లావుగా, టమాటాలా ఉంటుంది కాబట్టి టమాటా మిర్చి అంటారు. రంగు నిప్పు, మంట అంతంతమాత్రం. 2025లో దానికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. మా నానమ్మది నర్సంపేట పక్కన పల్లె. తొక్కుకు ఆ కాయే కావాలని పట్టుబట్టేది, సన్నకాయ తెస్తే తాతను వెనక్కి పంపేది. “కూరకు అది, తొక్కుకు ఇది” అని చెప్పిన ఆ మనిషికి కారంలో రెండు రకాలున్నాయని తెలుసు. మేమే పట్నమొచ్చి, మిల్లులో ఒకటే కారం పట్టించుకుని, ఆ తెలివిని ఊళ్ళో వదిలేశాం.

పోయిన నెల ఒక ఆదివారం ఆ చారు మా ఇంట్లో కాచాను. రాంనగర్ చేపల మార్కెట్‌కు పొద్దున్నే పోయాను. సెగెద్‌లో వేసే చేప మన బంగారు తీగే, ఇక్కడ అంత గిరాకీ లేనిది. కోసే ఆయన కత్తిపీట మీద చేప పెట్టి, “పులుసుకా, ఫ్రైకా అక్కా?” అన్నాడు. చారుకు అన్నాను. “చేపలతోని చారా?” అని పక్కాయన్ని పిలిచి మరీ చెప్పాడు. తలలు ఇంకో నాలుగు కావాలంటే డబ్బులు తీసుకోకుండా వేశాడు, జాలితో అనుకుంటా.

ఊరి నుంచి తెప్పించిన చపాటా కాయల తొడిమెలు తీసి, చీరి, ఈనెలూ గింజలూ గోటితో గీకి పారేసి మిక్సీ పట్టాను. రెండు గంటల పని, వేళ్ళు సాయంత్రం దాకా చుర్రుమన్నాయి. మంట తక్కువ కాయ అన్నారుగా, కళ్ళు నలుపుకుని చూడండి తెలుస్తుంది. సెగెద్ పొడికీ దీనికీ రంగులో పోటీ లేదు, మనదే గెలిచింది. తీపి మాత్రం అక్కడిదానంత రాలేదు. ఎండబెట్టే తీరులో ఏదో తేడా ఉంది, నాకు ఇంకా పట్టుబడలేదు.

నాన్న ఒక గిన్నెడు తాగి, బాగుంది గాని జ్వరమొచ్చినప్పుడు తాగేదిలా ఉందన్నారు. తమ్ముడు పచ్చిమిర్చి పది ముక్కలు వేసుకుని, నా వాదనను నా కళ్ళ ముందే ముంచేశాడు. అమ్మ గరిటెతో కాకుండా గిన్నె వంచి పోసుకుంది. రొట్టె పక్కన పెట్టి ఉత్త చారు తాగింది. చాలాసేపు ఏమీ అనలేదు. చివరికి, “చేప నీచు కొడ్తలేదు, చింతపండు లేకున్న,” అంది. అదే పొగడ్త అనుకుని నేను లోపల గెంతులేశాను.

సాయంత్రం వంటింట్లో పోపు చప్పుడు వినబడింది. వెళ్ళి చూస్తే మిగిలిన సగం చారులో చింతపండు పిండి, మెంతిపొడి చల్లి, రెండు పొయ్యిల మీద అన్నమూ పులుసూ పెట్టేసింది. “పారబోస్తమా మరి?” అంది నా మొహం చూసి.

వాదన వదిలిపెట్టకుండానే కూర్చుని తిన్నాను. రెండుసార్లు వడ్డించుకున్నాను. కిందటి వారం మార్కెట్‌కు పోతే ఆ కోసే ఆయన గుర్తుపట్టి, తలలు నాలుగు పక్కకు తీసిపెట్టి అడిగాడు: “చారుకా, పులుసుకా అక్కా?” సగం సగం అన్నాను.